మూడో నంబరు ఏప్రాన్

బ్యాడ్జీల రిపోర్టు సోమవారం పదకొండు గంటలకు వచ్చింది. మొదటి ఆపరేషన్ ముగిసి పేషెంటును వార్డుకు తోసుకుపోయారు. అబిగయీలు చేతులు కడుక్కుంటూ ఉంది. థియేటర్ బయట వరండాలో ఎక్స్‌రే టెక్నీషియన్ కిషోర్ బాబు కవరు చించి, నిలబడే చదవడం మొదలుపెట్టాడు.

నెల్లూరులో ఆ ఎముకల ఆసుపత్రి పెద్దదేమీ కాదు. ఒకటే థియేటరు, అందులో ఒకటే సీ-ఆర్మ్ మిషను. విరిగిన ఎముకలోకి రాడ్ దించేటప్పుడు అది ఎటు పోతోందో అప్పటికప్పుడు తెర మీద చూపించేది అదే. డాక్టరు పెడల్ మీద కాలు వేసి ఉంచినంతసేపూ ఎక్స్‌రే పడుతూనే ఉంటుంది. పేషెంటు మీద పడిందంతా అక్కడే ఆగిపోదు, కొంత చెదిరి చుట్టూ నిలబడిన వాళ్ళ మీదికి వస్తుంది. అందుకే లోపలికి పోయే ప్రతి ఒక్కరూ సీసపు ఏప్రాన్ తగిలించుకోవాలి. దాని లోపల, ఛాతీ మీద, అగ్గిపెట్టె అంత బ్యాడ్జి పెట్టుకోవాలి. మూడు నెలలకొకసారి ఆ బ్యాడ్జీలను పార్సిల్ చేసి పంపితే, ఎవరి ఒంటి మీద ఎంత రేడియేషన్ పడిందో లెక్క కట్టి కాగితం పంపుతారు.

"డాక్టర్ గారు, పాయింట్ మూడు. అబిగయీలు సిస్టర్, పాయింట్ రెండు. నేను, పాయింట్ ఒకటి. ఎందుకంటే నాకు బుద్ధుంది కాబట్టి దూరంగా నిలబడతా." కిషోర్ బాబు వేలు కాగితం మీద కిందికి జారి ఆగిపోయింది. "రోజారమణి సిస్టర్, రెండు పాయింట్ ఒకటి! ఏం సిస్టర్, రాత్రిళ్ళు మిషన్ పక్కనే పడుకుంటా ఉండావా?"

రోజారమణి ట్రేలో కత్తెరలు లెక్కపెడుతోంది. తడ అవతల పులికాట్ ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఇంటి పిల్ల. ఆ థియేటర్లో చేరి ఎనిమిది నెలలైంది. లెక్క తప్పిపోకుండా, పట్టుకున్న కత్తెరను ట్రేలో పెట్టాకే తలెత్తింది.

"లేదు సార్. డ్యూటీ అయినాక నర్సుల గదిలో మేకుకి తగిలించే పోతాను."

"ఏదో ఒకరోజు ఏప్రాన్‌కే వదిలేసి పోయుంటావు. శనాదివారాలు మిషను కిందే పడుండుంటాది."

డాక్టర్ క్రాంతి కుమార్ గది లోంచి బయటికి వచ్చాడు. కాగితం తీసుకుని చూశాడు. "లిమిట్ దాటలేదు కదా. ప్రాణం మీదికి వచ్చిందేమీ లేదు. కానీ నెలాఖరులో ఇన్‌స్పెక్షన్ ఉంది. వాళ్ళ కన్ను ముందు ఈ అంకె మీదే పడుతుంది. ఒక లెటర్ రాయించు కిషోర్. బ్యాడ్జి రూములో మరిచిపోయినానని. బుధవారం సాయంత్రానికి ఫైల్లో ఉండాలి."

కిషోర్ బాబు కంప్యూటర్ దగ్గర కూర్చుని పది నిమిషాల్లో ఆ లెటర్ తయారు చేశాడు. నా నిర్లక్ష్యం వలన బ్యాడ్జిని మిషన్ ఉన్న గదిలో వదిలివేశాను, ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను. కింద సంతకానికి ఖాళీ.

అబిగయీలు ఆ కాగితం రెండుసార్లు చదివింది. మూడు పదులు దాటిన దగ్గర నుంచి ఆమె ఏ పని చేసినా, అందులో ఎవరికి ఏం దక్కుతుంది, ఎవరికి ఏం పోతుంది అని చూసుకునే అలవాటు చేసుకుంది. ఈ సంతకం పడితే ఏమవుతుంది? అంకె అబద్ధమవుతుంది. మిషను మంచిదే, గది మంచిదే, డాక్టరు మంచివాడే, ఒక్క పిల్ల మాత్రం నిర్లక్ష్యపు మనిషి. ఫైలు శుభ్రం. ఒకవేళ అంకె అబద్ధం కాకపోతే, రేపటి నుంచి కూడా అదే రెండు పాయింట్ ఒకటి ఆ పిల్ల ఒంటి మీద పడుతూనే ఉంటుంది, అడిగేవాడు ఉండడు.

"పెట్టేస్తానక్కా," అంది రోజారమణి పక్కకు వచ్చి మెల్లగా. "ఒక్క సంతకమే గదా, పోయేదేముంది?"

"నువ్వు మరిచిపోయినావా?"

"లేదు."

"మరి?"

రోజారమణి చుట్టూ ఒకసారి చూసుకుంది. "మేము పిల్లల కోసం చూస్తా ఉండామక్కా," అంది. "ఆ అంకె అబద్ధమైతేనే నాకు మంచిది."

ఆ మాటకు అబిగయీలు కాగితం మడిచి తన జేబులో పెట్టుకుంది. "బుధవారం దాకా టైముంది. నా దగ్గరుంటాది."

ఆ రోజు కేసులు ముగిసేసరికి నాలుగైంది. చివరి పని ఏప్రాన్లు సర్దడం. థియేటర్ ఇన్‌ఛార్జి రెబెక్కమ్మ క్రైస్తవ మిషనరీల ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకుని, ఇరవై ఆరేళ్ళుగా థియేటర్లు నడిపిన మనిషి. ఆమె చేతి కింద పనిచేసి వచ్చిన నర్సుని జిల్లాలో ఎక్కడైనా కళ్ళు మూసుకుని పనిలో పెట్టుకుంటారని పేరు. అబిగయీలు కూడా ఆ చేతి కిందే తయారైంది. ఒక్కో ఏప్రానూ నాలుగైదు కిలోలు. తడిగుడ్డతో తుడిచి, బల్ల మీద పరిచి, రెండు పక్కలూ లోపలికి తిప్పి, నిలువుగా సగానికి, మళ్ళీ అడ్డంగా సగానికి మడవాలి. మడత మీద అరచేత్తో గట్టిగా రుద్దాలి. అల్మారాలో ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు గీత గీసినట్టు రావాలి.

"అల్మారా తెరిస్తే మనసు చల్లబడాల," అంటుంది రెబెక్కమ్మ. బయటి నుంచి ఎవరొచ్చినా ముందు ఆ అల్మారానే తెరిచి చూపిస్తుంది.

రోజారమణి మడత మీద చెయ్యి రాస్తూ నవ్వింది. "వలని ఇట్టా మడిస్తే మా నాయిన తెడ్డు తీసుకుంటాడమ్మా. మా ఊళ్ళో గెడ మీద ఏస్తాం."

"ఇది రేవు కాదు మే, థియేటరు. అంచు సరిచెయ్యి."

రోజారమణి అంచు సరిచేసింది. ఆమె చేతిలో ఉన్నది మూడో నంబరు. కొత్త ఏప్రాన్ వస్తే డాక్టరుకి, ఆయన విడిచింది కిందివాళ్ళకి. అందరి ఒళ్ళూ తిరిగి తిరిగి మూడో నంబరు కొత్తగా చేరిన నర్సు దగ్గరికి వస్తుంది. చేరిన కొత్తలో ఆరేళ్ళు అబిగయీలు తొడుక్కున్నదీ దాన్నే.

సాయంత్రం కొడవలూరు దగ్గర హైవే మీద బస్సు దిగి, అబిగయీలు ఇంటికి పోకుండా రైసు మిల్లు పక్కనున్న కాటా దగ్గరికి నడిచింది. ఆమె భర్త సమాధానం అక్కడ లారీలు తూకం వేస్తాడు. అప్పుడతను కాటా పలక పక్కన బోర్లా పడుకుని, ఇనుప చువ్వతో పలక కింద గెలుకుతున్నాడు. లారీ డ్రైవరు ఒకడు పక్కన నిలబడి చేతులు ఊపుతున్నాడు.

"పొద్దున నుంచి దొంగోడు దొంగోడు అంటా ఉండారన్నా నన్ను. అదే పొలం, అన్నే బస్తాలు. నా బండికి మాత్రం తూకం తేడా అంట!"

"ఉండప్పా," అన్నాడు సమాధానం. చువ్వ దేనికో తగిలింది. లాగితే గుప్పెడంత కంకర రాయి బయటికి దొర్లింది. లేచి చొక్కా దులుపుకున్నాడు. "ఎక్కించు. మళ్ళా చూద్దాం."

ఈసారి అంకె సరిగ్గా వచ్చింది. డ్రైవరు మిల్లు గుమాస్తా వైపు తిరిగి, అప్పటిదాకా లోపల దాచుకున్న తిట్లన్నీ వరసగా అప్పజెప్పాడు. అబిగయీలు ఆ రాయిని చెప్పుతో తిప్పి చూసింది.

"ఏం మే, ఇట్టా వచ్చినావు?" అన్నాడు సమాధానం.

"ఆ రాయి ఉందని నీకెట్టా తెలిసింది?"

"తెలవదు. ఆయన బండీ అదే, బస్తాలూ అవే. మారినట్టు కనపడేదేదీ లేదు. కనపడంది ఒక్క పలక కిందే గదా." అతను చువ్వను గోడకు ఆనించాడు. "డ్రైవర్ని తిట్టడం సులువు. వంగే పనుండదు."

మంగళవారం అబిగయీలు పనిచేస్తూనే లెక్క చూసింది. తొడ ఎముకకి రాడ్ వేసే కేసు. డాక్టరు మధ్యలో, ఎడమ పక్క తను, కాళ్ళ దగ్గర పేషెంటు పాదాన్ని లాగి పట్టుకుని రోజారమణి. పెడల్ నొక్కిన ప్రతిసారీ మనసులో అంకె వేసుకుంది. నలభై మూడు. ఇద్దరూ గదిలో ఉన్నది ఒకే సమయం. రోజారమణి మిషనుకు కొంచెం దగ్గర, అది నిజం. దూరం సగమైతే పడేది నాలుగింతలవుతుందని వరండాలో బొమ్మలతో సహా అట్ట అంటించి ఉంది. కానీ సగం దూరం కూడా కాదు, ఒక అడుగు తేడా. దానికి రెండింతలో, పోనీ మూడింతలో కావచ్చు. ఇక్కడ తేడా పదింతలు.

మిగిలిన ఏడింతలు ఎక్కడివి?

బ్యాడ్జి మీదా కన్నేసింది. పొద్దున రోజారమణి నర్సుల గదిలో మేకు నుంచి తీసి, బ్యాడ్జి మీద తన పేరు చదువుకుని, ఛాతీ మీద పిన్ను పెట్టుకుని, పైన ఏప్రాన్ కట్టుకుంది. మధ్యాహ్నం అన్నానికి పోయేటప్పుడు తీసి మేకుకు తగిలించింది. మళ్ళీ వచ్చి పెట్టుకుంది. చెప్పినట్టు చేసే పిల్ల. అబిగయీలు కొత్తగా చేరిన రోజుల్లో బ్యాడ్జీలు పోతాయన్న భయంతో అందరివీ అల్మారాలో పెట్టి తాళం వేసేవాళ్ళు. మూడు నెలలకొకసారి తీసి పంపేవాళ్ళు. ఆరేళ్ళపాటు అబిగయీలుకు వచ్చిన అంకె సున్నా. సున్నా చూసి సంతోషపడింది కూడా.

అప్పుడు కూడా తన ఒంటి మీద ఉన్నది మూడో నంబరే.

చివరి పేషెంటు బయటికి పోయాక ఆమె మూడో నంబరు ఏప్రాన్ విప్పించి బల్ల మీద వేసింది. పైన నీలం గుడ్డ. ఎక్కడా చిరుగు లేదు, మరక లేదు. రెండు చేతులతో వేళ్ళు నొక్కుకుంటూ పై నుంచి కిందికి తడిమింది. మధ్యలో ఒకచోట వేలికి తగలాల్సిన మందం తగల్లేదు.

"కిషోర్ బాబూ, మిషను ఆపొద్దు. దీన్ని కింద పెట్టి చూపించు."

"ఏప్రాన్‌కి ఎక్స్‌రేనా సిస్టర్? దానికేమన్నా కాలు విరిగిందా?"

"నువ్వు చూపిస్తే తెలస్తాది."

"డాక్టరు గారు తిడతారు సిస్టర్. మిషను టైము..."

"ఏప్రాన్లని ఏడాదికోసారి ఇట్టా చూసి ఫైల్లో రాయాల్సింది నువ్వే గదా. పోయిన ఏడాది 'బాగున్నవి' అని రాసినావు. చూసే రాసినావా?"

కిషోర్ బాబు మిషను చెయ్యి బల్ల మీదికి తిప్పాడు. అబిగయీలు ముందు తన రెండో నంబరును పరిచింది. ఏది సరైనదో తెలియకుండా ఏది తప్పో తెలియదు కదా. అందరూ సీసపు తెర వెనక్కి వచ్చారు. కిషోర్ బాబు పెడల్ నొక్కాడు. మిషను తెర మొత్తం నల్లగా, చిక్కటి కాటుక పూసినట్టు కనబడింది. నడుము దగ్గర మాత్రం వెంట్రుకంత సన్నటి తెల్లగీత.

తర్వాత మూడో నంబరు.

తెర మీద నలుపు రెండుగా చీలిపోయి ఉంది. మెడ నుంచి కిందికి నిలువుగా ఒక తెల్లటి చార. పొట్ట మీదుగా అడ్డంగా ఇంకొకటి. నిలువు చార పైభాగంలో లోపలి సీసపు రేకు చిరిగి కిందికి జారిపోయింది. అక్కడ అరచేయంత ఖాళీ, సున్నం కొట్టిన గోడలా తెల్లగా మెరుస్తోంది.

రోజారమణి చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది. బ్యాడ్జి ఉన్నది సరిగ్గా అక్కడే.

"దేవుడా," అన్నాడు కిషోర్ బాబు. అతని గొంతులో ఎగతాళి లేదు.

"ఏందది?" వాకిట్లో రెబెక్కమ్మ నిలబడి ఉంది. సర్దే వేళకి ఎవరూ రాలేదని చూడ్డానికి వచ్చినట్టుంది. ఆమె తెర దగ్గరికి నడిచి, కళ్ళజోడు సరిచేసుకుని, తెల్ల చారల వైపు చాలాసేపు చూసింది. తర్వాత బల్ల మీదికి వంగి, ఏప్రాన్ అంచు పట్టుకుని సగానికి మడిచింది. మళ్ళీ అడ్డంగా సగానికి. విప్పింది. మళ్ళీ తెర వైపు చూసింది. చారలు ఎక్కడున్నాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళ నుంచి ఆమె అరచెయ్యి రోజూ రాసిన దారులే అవి.

"మడత," అంది అబిగయీలు. "మడిచీ మడిచీ లోపల సీసం విరిగిపోయిందమ్మా. పైకి తెలవదు."

"అయితే నేను చేసినానంటావా?" రెబెక్కమ్మ గొంతు లేచింది. "ఈ పిల్లల్ని నేనే..."

"నేనమ్మా. పదకొండేళ్ళు ఇదే బల్ల మీద మడిచింది నా చేతులు."

రెబెక్కమ్మ ఆమె వైపు చూడలేదు. చేతిలోని ఏప్రాన్‌ను ఎలా కింద పెట్టాలో తెలియనట్టు అలాగే నిలబడింది. చివరికి మడవకుండా బల్ల మీద పరిచి వెళ్ళిపోయింది. ఆ రోజు అల్మారా తలుపు తెరిచే ఉండిపోయింది.

బుధవారం పొద్దున డాక్టర్ క్రాంతి కుమార్ ఫొటో చూశాడు. కిషోర్ బాబు తెర మీద బొమ్మని ఫోనులో తీసి ఉంచాడు.

"మంచి పని చేశారు సిస్టర్. కొత్త ఏప్రాన్లకు ఈ రోజే ఆర్డర్ పెట్టిస్తాను," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ వెంటనే, "కానీ ఆ లెటర్ మాత్రం సంతకం పెట్టించండి. ఇన్‌స్పెక్షన్ ముందు ఇదంతా ఫైల్లోకి ఎక్కితే ప్రశ్నలు వస్తాయి," అన్నాడు.

అబిగయీలు జేబులోంచి లెటర్ తీసింది. "సార్, ఈ సంతకం పడితే ఏప్రాన్ బాగున్నట్టు. బాగున్నదాన్ని ఎవరు మారుస్తారు? మారిస్తే ఎందుకు మార్చినట్టు? రెండూ ఒక ఫైల్లో నిలబడవు సార్."

డాక్టరు ఫోనులో ఫొటో మళ్ళీ చూశాడు.

"ప్రశ్నలు వస్తాయి. రానీండి. మనం చూసి, పట్టుకుని, మార్చుకున్నామని చెప్తాం. వాళ్ళు పట్టుకుంటే మనం చెప్పడానికేముంటాది?" ఆమె ఇంకో కాగితం బల్ల మీద పెట్టింది. ముందురోజు సాయంత్రం రాసుకున్నది, చేతిరాత. మూడో నంబరు ఏప్రాన్ లోపల సీసం మడతల వెంబడి విరిగి ఉన్నది. ఏప్రాన్లను మడవకూడదని తెలియక రోజూ మడిచి పెట్టినది నేను. రోజారమణి బ్యాడ్జి చూపినది నిజమైన అంకె. కింద అబిగయీలు సంతకం.

ఎప్పుడు వచ్చిందో రెబెక్కమ్మ వెనక నిలబడి ఉంది. కళ్ళ కింద నీడలు. కాగితం తీసుకుని నిదానంగా చదివింది. డాక్టరు జేబులోంచి పెన్ను అడక్కుండానే తీసుకుంది.

"ఇది తప్పు," అంది.

అబిగయీలు కాగితం కోసం చెయ్యి చాపింది.

రెబెక్కమ్మ "రోజూ మడిచి పెట్టినది నేను" అన్న చోట వంగి, హంసపాదు గుర్తు పెట్టి, పైన "రెబెక్కమ్మ నేర్పగా" అని రాసింది. కింద అబిగయీలు సంతకానికి పైనున్న ఖాళీలో తన సంతకం పెట్టింది. అక్షరాలు వంకర పోలేదు.

"నేర్పింది నేను. నా పేరు పైనుండాల," అంది. "థియేటర్ ఇన్‌ఛార్జిని నేనా, నువ్వా?"

డాక్టరు ఇద్దరి మొహాలూ చూశాడు. అచ్చేసిన లెటర్‌ను తనే నిలువునా చింపి బుట్టలో వేశాడు. "రోజారమణి సిస్టర్‌ని కూడా రాయమనండి. ఉన్నది ఉన్నట్టు."

రోజారమణి రాసింది రెండే వాక్యాలు. బ్యాడ్జిని నేను ఎక్కడా మరిచిపోలేదు. డ్యూటీలో ఉన్నంతసేపూ అది నా ఒంటి మీదనే ఉన్నది. సంతకం పెట్టేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కింది. కాగితం అవతలి పక్కకి కూడా అక్షరాలు లేచాయి.

"ఈ థియేటర్లో నిజం చెప్పిన బ్యాడ్జి నీ ఒక్కదానిదే మే," అంది అబిగయీలు. "అల్మారాలో తాళమేసిన మా సున్నాలన్నీ కలిపినా ఒక్క సున్నానే."

ఆ రోజు మొదటి కేసుకి ఒక ఏప్రాన్ తక్కువ. రోజారమణి లోపలికి రాదని అబిగయీలు ముందే చెప్పింది. పాదం పట్టుకునే మనిషి లేక డాక్టరు అటూ ఇటూ చూస్తుంటే, కిషోర్ బాబు తన నాలుగో నంబరు విప్పి రోజారమణి భుజాల మీద వేశాడు.

"పొద్దునే పెట్టి చూసినా, చుక్క లేదు. నేను సీసపు తెర వెనకుంటా. మిషను తిప్పాల్సినప్పుడు పెడల్ మీంచి కాలు తీయండి సార్, వచ్చి తిప్పి పోతా."

డాక్టరు తల ఊపాడు. ఎముకలోకి రాడ్ దిగుతున్నంతసేపూ, పెడల్ నొక్కబోయే ముందు ప్రతిసారీ "వేస్తున్నా" అన్నాడు. అన్న ప్రతిసారీ అబిగయీలు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ రోజు పెడల్ నొక్కిన లెక్క ఇరవై ఆరు.

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి గేటు దగ్గర గొడవైంది. ఎనిమిదడుగుల సరుగుడు గెడ ఒకటి భుజాన పెట్టుకుని వచ్చిన మనిషిని వాచ్‌మన్ లోపలికి పోనివ్వడం లేదు. అతను నరసయ్య, రోజారమణి నాయిన. తడ నుంచి బస్సు టాపు మీద కట్టి తెచ్చాడు.

"కర్రతో ఎవర్ని కొట్టను పోతుండావు పెద్దాయనా?"

"కొట్టను గాదబ్బా, ఏప్రాన్లు ఆరేయను! రెబెక్కమ్మంట, ఆమే తెమ్మనింది."

అబిగయీలు మెట్ల మీద ఆగిపోయింది. రెబెక్కమ్మ అప్పటికే గేటు దగ్గరికి నడుస్తోంది. గెడను చేతులతో తడిమి చూసింది. బెరడు తీసి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసి ఉంది. ముంజేతి కంటే లావు, ఎక్కడా కణుపు లేదు.

"సన్నంగా ఉంటే మళ్ళా మడత పడతాదని మా బిడ్డ చెప్పిందమ్మా," అన్నాడు నరసయ్య. "అందుకే లావుది ఏరినా."

"రెండు పూతలు తెల్ల ఎనామిల్ పెయింటు వేయించాల," అంది రెబెక్కమ్మ. "థియేటర్లోకి ఉత్త కర్ర రాదు."

శనివారం సాయంత్రానికి గెడ నర్సుల గది పక్క గోడకు ఇనుప కొక్కేల మీద ఎక్కింది, పాల తెలుపుగా. కొత్త ఏప్రాన్లు రెండు వచ్చాయి. రెండు అని రాసి ఉన్నది అబిగయీలుది, మూడు అని రాసి ఉన్నది రోజారమణిది, అట్ట పెట్టె వాసన ఇంకా పోలేదు. పాత మూడో నంబరును నడిమికి కత్తిరించి, వాడకూడదని రాసి విడిగా పెట్టారు.

రెబెక్కమ్మ తడిగుడ్డతో ఏప్రాన్ తుడిచింది. బల్ల మీద పరిచింది. అలవాటుగా చేతులు రెండంచుల దగ్గరికీ పోయి, అక్కడ ఆగిపోయాయి. ఆమె పక్కకి జరిగి బల్ల దగ్గర చోటిచ్చింది.

"మీ రేవులో ఎట్టా ఏస్తారు మే? చూపించు."

రోజారమణి ఏప్రాన్‌ను మధ్యలో పట్టుకుని ఎత్తి, ఒక్క ఊపుతో గెడ మీద వేసింది. అది ఎక్కడా విరగకుండా, గుండ్రంగా వంగి, రెండు పక్కలా నీళ్ళు జారినట్టు దిగింది. కిందికి వంగి రెండు కొసలూ సమానంగా ఉన్నాయో లేదో చూసింది. ఒక పక్క కొంచెం లాగింది.

రెబెక్కమ్మ రెండో ఏప్రాన్‌ను ఎత్తుకుని, ఆమె వెనక నిలబడింది.